తెగిన ముక్కుకు కొత్త ముక్కు: దక్కను నుంచి లండన్ దాకా

తెలుగు నుడికారంలో ముక్కుకున్న చోటు మరే అవయవానికీ తక్కువ కాదు. ఉన్నదున్నట్టు మాట్లాడేవాణ్ణి ముక్కుసూటి మనిషి అంటాం. త్వరగా కోపం వచ్చేవాడికి కోపం ముక్కుమీదే ఉంటుందంటాం. ఆశ్చర్యం కలిగితే ముక్కున వేలేసుకుంటాం. పరిచయం లేనివాడు ముక్కూ మొహం తెలియనివాడు. ఘోరంగా అవమానించి పంపితే ముక్కూ చెవులూ కోసి పంపారంటాం. మనిషి గుర్తింపు, మర్యాద రెండూ ముక్కులోనే ఉన్నాయని భాష భావిస్తున్నట్టు తోస్తుంది.

కృష్ణదేవరాయల కొలువులోని నంది తిమ్మనకు ముక్కు తిమ్మన అనే పేరు రావడానికి కారణంగా చెప్పే పద్యం కూడా ముక్కు గురించినదే. అన్ని పూలమీదా వాలే తుమ్మెద తన దరికి రాలేదని సంపెంగ తపస్సు చేసి స్త్రీ ముక్కుగా పుట్టిందని ఆ పద్యభావం. ఈనాడు ఆ పద్యం రామరాజభూషణుడి వసుచరిత్రలో కనిపిస్తుంది. తిమ్మన దగ్గర ఆయన కొన్నాడన్నది చాటుకథ. అందమైన ముక్కు ఎలా ఉండాలన్న ఊహ మనకు పాతదేనని చెప్పడానికి ఈ ఒక్క పద్యం చాలు.

ఈ వ్యాసం విషయం అందమైన ముక్కు కాదు, తెగిన ముక్కు. తెగిన ముక్కును తిరిగి కట్టే విద్య నుంచే, నచ్చని ముక్కును మార్చుకునే నేటి శస్త్రచికిత్స పుట్టింది. ఆ విద్య చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు జరిగిన చోట్లు మధుర, బిజాపురం, శ్రీరంగపట్నం, పుణె. ఈ సంచిక చదివే విద్యార్థుల్లో చాలామంది ఆ ఊళ్ళ పరిసరాల్లోనే పుట్టి పెరిగినవారు. ముక్కు మార్పించుకోవాలా అని ఆలోచించే వయసు కూడా మీదే. కాబట్టి ఈ చరిత్ర మీకు రెండు విధాలా దగ్గరిది.

ముక్కు కోసే శిక్ష

శూర్పణఖ కథ తెలియనివారు లేరు. పురాణంలోని ఆ శిక్ష లోకంలోనూ ఉండేది. వ్యభిచారం చేసిందని అనుమానం వచ్చిన స్త్రీకి, దొంగకు, శత్రువు చేతికి చిక్కిన సైనికుడికి ముక్కు కోసేవారు. చంపితే మనిషి పోతాడు. ముక్కు కోసి వదిలితే, అతడు బతికి ఉన్నంతకాలం ఆ శిక్షను ముఖంమీద మోసుకుని తిరుగుతాడు. చూసినవారందరికీ అది హెచ్చరిక.

17వ శతాబ్దపు దక్షిణాదిలో ఈ పని యుద్ధనీతిగానే మారిన సందర్భం ఒకటుంది. మధురను తెలుగు నాయకరాజైన తిరుమల నాయకుడు (1623-1659) పాలిస్తున్న కాలం అది. మైసూరులో కంఠీరవ నరసరాజు (1638-1659) రాజ్యం చేస్తున్నాడు. 1650ల చివర మైసూరు సేనలు సత్యమంగళం మీదుగా మధుర రాజ్యంలోకి చొచ్చుకువచ్చాయి. చిక్కినవారి ముక్కులను పైపెదవితో సహా కోసి సంచుల్లో మైసూరుకు పంపాయి. తిరుమల నాయకుడు అప్పటికి మంచాన ఉన్నాడు. రామనాథపురం సేతుపతి సాయానికి వచ్చాక మధుర సేనలు మైసూరువారిని తరిమి, వారి ముక్కులనూ అదే విధంగా కోశాయి. ఆనాడు మధుర ప్రాంతంలో ఉన్న జెసూట్ పాద్రీల లేఖల్లో ఈ సంగతులు నమోదయ్యాయి. తమిళంలో దీనికి ముక్కుకోతల పోరు అనే అర్థం వచ్చే పేరే ఉంది. ఇందులో ఒక పక్షానిది పాపం, మరొక పక్షానిది పుణ్యం అని చెప్పడానికి వీల్లేదు. తెలుగు దొరల సేన, కన్నడ దొరల సేన ఒకే పని చేశాయి.

ముక్కులు ఇంతగా తెగే దేశంలో వాటిని తిరిగి కట్టేవారికి పని లేకుండా ఉండదు. మొగలుల కాలంలో ఇండియాకు వచ్చి, తరువాత మద్రాసులో స్థిరపడిన వెనిస్ దేశస్థుడు నికొలావ్ మనూచీ తన గ్రంథంలో బిజాపురం శస్త్రవైద్యులను ప్రస్తావించాడు. కనుబొమల పైనున్న నుదుటి చర్మాన్ని కోసి, కిందికి దించి, మెలిపెట్టి ముక్కు గాయంమీద అతికించేవారట. అలాంటి ముక్కులున్నవారిని తాను ఎందరినో చూశానని, అసలు ముక్కు లేకపోవడంతో పోలిస్తే వారు బాగానే కనిపించేవారని, కనుబొమల మధ్య కోత గుర్తు మాత్రం మిగిలేదని రాశాడు.

సుశ్రుతుడు చెప్పింది

ఈ విద్యకు గ్రంథాధారం ఇంకా పాతది. సుశ్రుతసంహిత రచనాకాలంపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. క్రీస్తుకు ముందు కొన్ని శతాబ్దాలు, తరువాత కొన్ని శతాబ్దాల మధ్య అది రూపుదిద్దుకుందని స్థూలంగా చెప్పవచ్చు. అందులోని సూత్రస్థానం 16వ అధ్యాయంలో తెగిన చెవి తమ్మెలను అతికే పద్ధతులతో పాటు ముక్కును కట్టే పద్ధతి కూడా ఉంది.

పోయిన ముక్కు ఎంత ఉండేదో అంత ఆకును తీసుకోవాలి. ఆ ఆకు కొలతకు చెంప చర్మాన్ని కోయాలి, కానీ పూర్తిగా వేరు చేయకూడదు. ముక్కు మోడును గీరి పచ్చిచేసి, ఆ చర్మాన్ని దానిపైకి తెచ్చి త్వరగా, జాగ్రత్తగా కట్టాలి. ముక్కు పుటాలు మూసుకుపోకుండా రెండు గొట్టాలు పెట్టి పైకెత్తాలి. పతంగం చెక్క, అతిమధురం, అంజనం కలిపిన పొడి చల్లి, తెల్లని దూది కప్పి, మాటిమాటికీ నువ్వులనూనెతో తడపాలి. రోగికి నెయ్యి తాగించాలి. అది జీర్ణమయ్యాక విరేచనానికి మందివ్వాలి. గాయం అతుక్కున్నాక మిగిలిన బంధాన్ని కోసివేయాలి. ముక్కు కురచైతే పెంచే ప్రయత్నం చేయాలి, కండ ఎక్కువైతే సమం చేయాలి.

ఇందులో కోత గురించి ఉన్నది కొద్దిగానే. గొట్టాలు, నూనె, నెయ్యి, పథ్యం, బంధం తెంచడం, చివర సరిదిద్దడం, ఇవన్నీ కోత తరువాతి సంగతులే. ముక్కు ఆపరేషన్‌లో సగానికి మించిన పని కోలుకునే రోజుల్లోనే ఉందని ఆ గ్రంథకర్తకు తెలుసు.

పుణెలో ఒక బండివాడు

1790 నుంచి 1792 వరకు జరిగిన మూడవ మైసూరు యుద్ధంలో కవాస్జీ అనే మరాఠా రైతుబిడ్డ ఇంగ్లీషు సేనలో ఎడ్లు తోలే పనిలో ఉన్నాడు. అతడు టిప్పు సుల్తాను సైనికులకు చిక్కాడు. వారు అతడి ముక్కు, ఒక చెయ్యి నరికి వదిలేశారు. ఏడాదిపాటు అలాగే తిరిగిన తరువాత పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకతను అతడికి కొత్త ముక్కు కట్టాడు. బొంబాయి ప్రెసిడెన్సీకి చెందిన ఇంగ్లీషు డాక్టర్లు ఈ పనిని దగ్గరుండి చూశారు. జేమ్స్ వేల్స్ అనే చిత్రకారుడు 1794లో కవాస్జీ బొమ్మ వేశాడు. అదే ఏడాది అక్టోబరులో లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజీన్ ఆ బొమ్మతో సహా వివరాలను అచ్చువేసింది. ఆ లేఖ రాసినవారు తమ పేరుకు బదులు రెండు అక్షరాలు మాత్రమే పెట్టారు. ముక్కు కట్టినవాడి పేరైతే అందులో లేనే లేదు.

ఆ లేఖ ప్రకారం పద్ధతి ఇది. మైనాన్ని పలచటి రేకుగా చేసి, ముక్కు మోడుమీద ముక్కు ఆకారం వచ్చేలా అమర్చాలి. తరువాత దాన్ని చదునుచేసి నుదుటిమీద పరిచి, చుట్టూ గీత గీయాలి. ఆ గీత వెంట చర్మాన్ని ఒలవాలి, కానీ రెండు కళ్ళ మధ్య సన్నని తొడిమ వంటి భాగాన్ని తెంచకుండా ఉంచాలి. మోడుమీద పాతగాయపు మచ్చను చెక్కి పచ్చిచేయాలి. దాని వెనక, పైపెదవి వెంట గాడి కోయాలి. నుదుటి చర్మాన్ని సగం మెలితిప్పి కిందికి దించి, అంచులను ఆ గాడిలో దూర్చాలి. చండ్ర చెక్క నుంచి తీసే కాచు, తాంబూలంలో వేసుకునేదే, నీటిలో మెత్తబరచి గుడ్డపీలికలకు పూయాలి. అటువంటివి ఐదారు ఒకదానిమీద ఒకటి వేసి అతుకును నిలపాలి.

నాలుగు రోజులు ఆ కాచుపట్టీ తప్ప మరో కట్టు లేదు. తరువాత దాన్ని తీసి నేతిలో ముంచిన గుడ్డలు వేసేవారు. ఐదారు రోజులు రోగి వెల్లకిలా పడుకోవాలి. పదోరోజున ముక్కు రంధ్రాలు తెరుచుకుని ఉండేందుకు మెత్తని గుడ్డముక్కలు పెట్టేవారు. 25వ రోజు ప్రాంతంలో తొడిమ కోసి, ముక్కు తీరును మరికొంత చక్కదిద్దేవారు. నుదుటి మచ్చ కాలక్రమంలో అంతగా కనిపించకుండా పోయేదని లేఖకుడు రాశాడు.

తొడిమను 25 రోజులు ఎందుకు ఉంచాలి? పూర్తిగా తెంచిన చర్మం నెత్తురు అందక చచ్చిపోతుంది. తొడిమలోని రక్తనాళాలు కొత్తచోట చర్మాన్ని బతికిస్తాయి. ఈలోగా కింది గాయం నుంచి కొత్త నాళాలు పెరిగి చర్మంలోకి చేరతాయి. ఆ పని సుమారు మూడు వారాలు తీసుకుంటుంది. కాయ పండాకే తొడిమ విడిచినట్టు, కొత్త ముక్కు తన నెత్తురు తాను తెచ్చుకోగలిగాకే బంధం తెంచాలి. ఇటుకలు చేసేవారి ఇంట తరతరాలుగా నిలిచిన జ్ఞానం ఇది.

లండన్‌లో రెండు ముక్కులు

ఐరోపాలో కూడా ముక్కులు కట్టే ప్రయత్నాలు జరగకపోలేదు. 15వ శతాబ్దంలో సిసిలీకి చెందిన బ్రాంకా వంశంవారు ఈ పని చేసేవారు. బొలోన్యా ఆచార్యుడు తాల్యకోట్సీ 1597లో దీనిపై పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆయన భుజం దగ్గరి చర్మాన్ని వాడేవాడు. చేతిని ముఖానికి ఆనించి కట్టి రోగిని వారాల తరబడి ఉంచాల్సివచ్చేది. ఆయన తరువాత ఆ పద్ధతి దాదాపు మరుగునపడింది.

జెంటిల్మన్స్ మ్యాగజీన్‌లోని కవాస్జీ కథ లండన్ వైద్యుడు జోసెఫ్ కార్ప్యూను కదిలించింది. ఆయన మృతదేహాలపై ఏళ్ళ తరబడి సాధన చేసి, 1814 అక్టోబరు 23న చెల్సీలోని యార్క్ ఆసుపత్రిలో తొలిసారి ఒక సైనికాధికారికి నుదుటి చర్మంతో ముక్కు కట్టాడు. మత్తుమందు ఇంకా లేని కాలం. రోగి మెలకువతోనే అంతా భరించాలి. రెండో రోగి 1811 నాటి అల్బుయెరా యుద్ధంలో కత్తివేటుకు ముక్కు పోగొట్టుకున్న కెప్టెన్. 1816లో కార్ప్యూ ఈ రెండు ఆపరేషన్ల వృత్తాంతాన్ని బొమ్మలతో పుస్తకంగా ప్రచురించాడు. అందులో భారతీయ పద్ధతికి తాను పడిన రుణాన్ని దాచలేదు. 1818లో బెర్లిన్ వైద్యుడు గ్రేఫె తన గ్రంథానికి రైనోప్లాస్టిక్ అని పేరు పెట్టాడు. నేటి రైనోప్లాస్టీ అన్న మాటకు అదే మూలం. గ్రీకులో ముక్కు, ఆకృతి అన్న అర్థాలున్న రెండు మాటల కలయిక అది. వైద్యులు నేటికీ నుదుటి చర్మపు పద్ధతిని భారతీయ పద్ధతి అనే పిలుస్తారు.

తెగిన ముక్కు నుంచి నచ్చని ముక్కుకు

19వ శతాబ్దం చివర ఈ కథ మరో దారి పట్టింది. మత్తుమందు 1846 నుంచి వాడుకలోకి వచ్చింది. క్రిమిరహిత శస్త్రచికిత్స ఆ తరువాత వచ్చింది. దాంతో ప్రాణావసరం లేని ఆపరేషన్లకు కూడా వైద్యులు, రోగులు ధైర్యం చేశారు. 1887లో అమెరికాలోని రాచెస్టర్‌లో జాన్ ఆర్లండో రో ముక్కు లోపలి నుంచి కోసి, బయట మచ్చ లేకుండా ముక్కుకొన తీరు మార్చే పద్ధతిని వెల్లడించాడు. 1898లో బెర్లిన్‌లో జాక్ యోసెఫ్ ఒక యువకుడి పెద్ద ముక్కును చిన్నది చేశాడు. ఆ యువకుడికి రోగమేమీ లేదు. ముక్కును చూసి జనం నవ్వుతున్నారని నలుగురిలోకి రావడమే మానేశాడు. ఆపరేషన్ తరువాత అతడి దిగులు తీరిందని, ముక్కుతో పాటు మనసుకు కూడా ఇది చికిత్సేనని యోసెఫ్ వాదించాడు.

యోసెఫ్ యూదుడు. ఆయన దగ్గరికి వచ్చినవారిలో యూదులు చాలామంది. ముక్కును చూసి తమ జాతిని గుర్తుపట్టి వేరుగా చూస్తున్నారన్నది వారి బాధ. అందం కోసం కంటే, గుంపులో కలిసిపోవడం కోసమే వారు కత్తికి ముఖమిచ్చారు. తరతరాలుగా పరాయి ప్రాంతంలో నివసించేవారికి ఈ కోరిక అర్థం కానిది కాదు. ఇంటిపేరు కుదించి చెప్పుకోవడం, యాస మార్చుకోవడం, బజారులో ఇంటిభాష తగ్గించి మాట్లాడడం మన కుటుంబాల్లోనూ చూస్తాం. ముక్కు విషయంలో తేడా ఒక్కటే, యాసను మళ్ళీ తెచ్చుకోవచ్చు. తీసేసిన ఎముకను తెచ్చుకోవడం కష్టం.

ముక్కు పోయినవాడు ముక్కు కోరడమూ, ఉన్న ముక్కు మార్చుకోవాలని కోరడమూ ఒకటేనా అని చాలామంది అడుగుతారు. రెండోదాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. నలుగురిలో తలెత్తుకు తిరగాలన్నది కవాస్జీకీ, బెర్లిన్ యువకుడికీ ఉమ్మడిగా ఉన్న కోరికే. కానీ కవాస్జీ పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఉన్న ముక్కుతో చక్కగా ఊపిరి పీల్చేవాడికి పోగొట్టుకోవడానికి చాలా ఉంది. నిర్ణయంలో తూకం వేయాల్సింది ఇదే.

ఈనాడు ఆశించదగినది

నుదుటి చర్మంతో ముక్కు కట్టే పని ఈనాటికీ సాగుతోంది. కేన్సరు వల్లనో, ప్రమాదంలోనో, ఇంటి హింసలోనో ముక్కు పోయినవారికి అదే శరణ్యం. తొడిమను ఇప్పటికీ సుమారు మూడు వారాలకే కోస్తారు.

తీరు మార్పించుకునే ఆపరేషన్‌లో మాత్రం నుదుటి జోలికి వెళ్ళరు. ముక్కు లోపలి నుంచి గానీ, రెండు రంధ్రాల మధ్య చిన్న కోత పెట్టి గానీ ఎముకను, మృదులాస్థిని సరిదిద్దుతారు. సాధారణంగా మత్తు ఇచ్చి చేస్తారు. ముఖం ఎదుగుదల పూర్తయ్యేదాకా, అంటే పదహారు పద్దెనిమిదేళ్ళదాకా, వైద్యులు ఆగమంటారు.

ఆ తరువాతి రోజుల లెక్క ఇలా ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు వాపు ఎక్కువగా ఉంటుంది, కళ్ళచుట్టూ కమిలి నల్లబడుతుంది. ముక్కు దిబ్బడవేసి నోటితో ఊపిరి తీయాల్సివస్తుంది. కొద్దిగా నెత్తురు ఊరుతుంది. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. ముక్కుమీది గట్టి కట్టు దాదాపు వారం ఉంటుంది. కమిలిన గుర్తులు రెండు వారాల్లో చాలావరకు పోతాయి. ఆ రెండు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఎముక కోసి ఉంటే నెల దాటేదాకా కళ్ళజోడు బరువు ముక్కుమీద పడనీయకూడదు. దెబ్బలు తగిలే ఆటలకు కనీసం ఆరు వారాలు దూరంగా ఉండాలి. పొగతాగే అలవాటు ముందే మానాలి, అది రక్తప్రసరణకు శత్రువు. ఆస్పిరిన్ వంటి మందులు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఆగని రక్తస్రావం, జ్వరం, పెరిగే నొప్పి, చూపులో తేడా, ముక్కు నుంచి నీటిలాంటి ద్రవం కారడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

కట్టు విప్పిన రోజు అద్దంలో కనిపించే ముక్కు అసలు ముక్కు కాదు. వాపు నెలల తరబడి మెల్లగా తీస్తుంది. ముక్కుకొన తన రూపానికి రావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకుమించి పడుతుంది. కొనలో తిమ్మిరి కొన్నాళ్ళు ఉండవచ్చు. ఊపిరి ఇబ్బంది, వంకర, మధ్యగోడకు రంధ్రం వంటి చిక్కులు కొందరికి వస్తాయి. మళ్ళీ ఆపరేషన్ కావాల్సినవారూ ఉంటారు. అందుకే కనీసం ఏడాది గడవనిదే రెండోసారి చేయరు. పరీక్షల ముందు సెలవుల్లో, పెళ్ళిచూపుల ముందు పదిరోజుల్లో తేలిపోయే పని కాదిది.

మరొక మాట. ఇతరుల కంటికి ఆనని లోపం కోసం గంటల తరబడి అద్దం ముందు గడిపేవారు కొందరుంటారు. అది ముక్కు జబ్బు కాదు, మనసు జబ్బు. అలాంటివారికి ఎన్ని ఆపరేషన్లు చేసినా తృప్తి కలగదు. మంచి వైద్యుడు కత్తి పట్టేముందు మార్పు ఎందుకు కావాలని, ఎవరి కోసం కావాలని అడుగుతాడు. అలా అడగని చోటికి వెళ్ళకపోవడమే మేలు.

సుశ్రుతుడు గొట్టాలు పెట్టి నువ్వులనూనె చల్లించాడు. పుణె పనివాడు కాచుపట్టీ వేసి 25 రోజులు లెక్కపెట్టాడు. నేటి వైద్యుడు ఏడాది ఆగమంటాడు. మందులు మారాయి, పరికరాలు మారాయి, శరీరం అతుక్కునే వేగం మాత్రం మారలేదు. ముక్కు మార్పించుకోదలచిన విద్యార్థి ఆపరేషన్ జరిగే రెండు మూడు గంటలతో పాటు ఆ తరువాతి ఏడాదిని కూడా లెక్కలోకి తీసుకుని, ఇంట్లో పెద్దలతోనూ, ఒకరికి ఇద్దరు వైద్యులతోనూ మాట్లాడి నిర్ణయించుకోవాలి. మానుకున్నా, చేయించుకున్నా ఆ నిర్ణయం నిలకడగా ఉంటుంది.